బడి పాఠం, గురువు పాఠం, సొంత బాణీ: ఉపాధ్యాయులకు ఏ దారి అనుకూలం?

పాఠం చెప్పడం, సంగీతం నేర్చుకోవడం, సొంతంగా బాణీ కట్టడం అనే మూడు పనులనూ మనిషి ఒకే గొంతుతో, ఒకే జత చెవులతో చేయవలసి ఉంటుంది. బడిలో ఉద్యోగం చేస్తూ కర్ణాటక సంగీతం నేర్చుకునేవారు, వర్ణాల (కృతులకు ముందు నేర్చుకునే అభ్యాస రచనల) దశ దాటి కృతుల్లోకి వచ్చాక తామూ ఒక పల్లవి కట్టి చూద్దామనుకునేవారు, సాధారణంగా తమ ఇబ్బందిని తీరిక లేకపోవడంగానే చెప్పుకుంటారు. ఉద్యోగం మానితే తీరిక దొరుకుతుందనీ, సంగీతం పాఠాలే వృత్తిగా పెట్టుకుంటే అన్నీ ఒకటైపోతాయనీ భావిస్తారు. నేను పదకొండేళ్ళు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, ఆ తరువాత మూడేళ్ళు ఉద్యోగం వదిలి ఇంట్లోనూ ఆన్‌లైన్‌లోనూ సంగీతం పాఠాలు చెప్పి, తిరిగి మరొక బడిలో చేరినవాణ్ణి. ఈ దారులను పోల్చేటప్పుడు ఎన్ని గంటలు మిగులుతాయన్నది అంత ముఖ్యం కాదని ఆ మూడేళ్ళలో నాకు తెలిసివచ్చింది. ఏ గంట మిగులుతుంది, ఆ గంటకు గొంతు ఏ స్థితిలో ఉంటుంది, చెవిలో ఏమి మోగుతూ ఉంటుంది అన్న మూడు ప్రశ్నలతోనే ఈ పోలిక చేస్తున్నాను.

నేర్చుకోవడం వేరు, కట్టడం వేరు

ముందుగా మీరు ప్రస్తుతం ఏ దశలో ఉన్నారో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రెండు పనులూ రోజును రెండు రకాలుగా అడుగుతాయి. నేర్చుకోవడానికి ప్రతిరోజూ కొంచెం సమయం కావాలి. మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో పాడడం, నిన్న గురువు గారు చెప్పిన సంగతిని (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రూపాన్ని) ఆయన పాఠాంతరంలో, అంటే ఆయనకు పరంపరగా వచ్చిన రూపంలో, ఉన్నదున్నట్టు గొంతులోకి దించుకోవడం అనేవి నలభై నిమిషాలు చాలినా, వారంలో ఒక్క రోజు తప్పినా తేడా తెలిసిపోయే పనులు. ఇక్కడ మన సొంత ఊహకు చోటు తక్కువ. గురువు గారి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, ఎక్కడ ఊగితే మన గమకమూ అక్కడే ఊగాలి.

కట్టడం ఇందుకు భిన్నమైనది. పల్లవి ఎత్తుగడ ఒక్క క్షణంలో తట్టవచ్చు గానీ, దానికి అనుపల్లవి అమరడానికి, రెండో అక్షర ప్రాస కుదిరిన మాట సంగతి విరుపుకు సరిపోవడానికి, చరణం చివర మళ్ళీ పల్లవిలోకి సాఫీగా దిగడానికి, మధ్యలో ఎవరూ పిలవని మూడు నాలుగు గంటలు వరసగా కావాలి. అంతేకాక, నేర్చుకున్న కృతులు ఆ సమయంలో కాస్త వెనక్కి జరగాలి, లేకపోతే మనం కట్టే ప్రతి వరసా పాడి పాడి అరిగిన వరసలాగే వస్తుంది. రోజూ నలభై నిమిషాలు మిగిలే జీవితం సాధనకు సరిపోతుంది, ఏడాదికొకసారి ఏడు వారాలు మిగిలే జీవితం రచనకు సరిపోతుంది. మన బడి క్యాలెండరులో ఈ రెండూ ఉన్నాయన్న సంగతి ఉద్యోగం వదిలేదాకా నాకు తట్టలేదు.

మరో విషయం బోధిస్తూ సంగీతాన్ని పక్కన ఉంచుకోవడం

తెలుగు, లెక్కలు, సాంఘికం వంటివి చెప్పే ఉపాధ్యాయుడికి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాటేదాకా సమయం తనది కాదు. నలభై యాభై మంది ఉన్న తరగతిలో ఐదారు పీరియడ్లు మాట్లాడాక సాయంత్రం తంబూర పెట్టుకుని కూర్చుంటే తారస్థాయి షడ్జమం దగ్గరే గొంతు జీర పోతుంది. కాబట్టి ఈ దారిలో గాత్ర సాధన తెల్లవారుజామునే జరగాలి. అయిదింటికి లేచి, తొలి పదిహేను నిమిషాలు మంద్రస్థాయిలో అకార సాధన చేసి, తరువాత పాఠం వల్లె వేసుకుంటే ఆరున్నరకు ముగుస్తుంది. సాయంత్రాలను గొంతు అక్కరలేని పనులకు, అంటే కృతులు వినడానికి, విన్నవాటికి స్వరం రాసుకోవడానికి, సొంత సాహిత్యం దిద్దుకోవడానికి కేటాయించాలి. తరగతిలో నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడడానికి మొదట్లో నాకు సంకోచంగా ఉండేది. వాడిన నెలలోనే ఉదయపు గొంతు తేటపడింది. అంతకు ముందు నేను సాధనలో పోగొట్టుకున్నదంతా తరగతి గదిలో అరుపుల వల్లేనని అప్పుడర్థమైంది.

ఈ దారిలోని గొప్ప సౌకర్యం చెవి ఖాళీగా ఉండడం. రోజంతా వ్యాకరణమో భిన్నాంకాలో చెప్పినవారి చెవిలో మరొకరి పాట మోగుతూ ఉండదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అరగంటలో సొంత వరస వినిపించడానికి ఆ ఖాళీ చాలా అవసరం. తెలుగు ఉపాధ్యాయులకైతే దీనికి తోడు మరో లాభం ఉంది. మనం పద్యాన్ని రాగయుక్తంగా చదవకుండా పాఠం మొదలుపెట్టం కదా. ఒకసారి తొమ్మిదో తరగతిలో కంద పద్యం చదువుతూ బల్ల మీద వేళ్ళతో లయ వేస్తుండగా, గణాలన్నీ నాలుగేసి మాత్రలవే కావడంతో పద్యం దానంతటదే చతురశ్ర నడకలోకి వచ్చి ఆది తాళంలో కూర్చుంది. మరుసటి రోజు అదే పని ఆటవెలదితో చేయబోతే మూడు మాత్రల సూర్యగణాలూ, నాలుగూ అయిదూ మాత్రల ఇంద్రగణాలూ కలిసి రావడంతో ఎక్కడ సాగదీయాలో తేలక ఆగిపోయాను. గణవిభజన చేయించేటప్పుడు పలక మీద మనం గీసే గురులఘువులే బాణీ కట్టేవాడికి మాతువు (సాహిత్యం) వైపు నుంచి దొరికే తొలి పాఠమని ఆ రెండు రోజులు నాకు నేర్పాయి.

సెలవుల లెక్కకు వస్తే, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి, మధ్యలో దసరా, సంక్రాంతి ఉంటాయి. పదో తరగతి చెప్పేవారికి ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్, ప్రైవేటు బడుల్లో పనిచేసేవారికి వేసవిలో అడ్మిషన్ల ప్రచారం ఇందులో కొంత మింగేస్తాయి. చేరేముందే ఈ సంగతి అడిగి తెలుసుకోండి. నెల జీతంలో తేడా కంటే మే నెల మనదా కాదా అన్నది రచన చేయదలచినవారికి పెద్ద తేడా.

బడిలోనే సంగీతం ఉపాధ్యాయుడిగా చేరడం

కేంద్రీయ విద్యాలయాల్లోనూ, నవోదయ విద్యాలయాల్లోనూ సంగీతం ఉపాధ్యాయుల పోస్టులు ఉన్నాయి, పెద్ద ప్రైవేటు బడులూ నియమించుకుంటాయి. చాలామంది దీన్ని అన్నిటికన్నా సహజమైన దారిగా భావిస్తారు. నేర్చుకునే దశలో ఉన్నవారికి ఇది అంత సహజం కాదని నా అభిప్రాయం. ప్రార్థన గీతాలు, దేశభక్తి గేయాలు, వార్షికోత్సవానికి బృందగానాలు ఇక్కడి ప్రధానమైన పని, శాస్త్రీయ పాఠానికి చోటు తక్కువ. శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు, సమస్య కూడా ఉంది. పిల్లలకు అయిదు శ్రుతి హాయిగా ఉంటే, నాలాగా ఒకటిన్నర శ్రుతిలో పాడుకునేవాడు రోజంతా వారి కోసం గొంతెత్తి పాడడమో, కింది స్థాయిలో గొణగడమో చేయాలి. ఏది చేసినా మరునాటి సాధన మీద ప్రభావం పడుతుంది. నవోదయ గురుకులం కాబట్టి అక్కడ సాయంత్రాలు కూడా పిల్లల బాధ్యతలతోనే గడుస్తాయి.

అయితే కట్టేవారికి ఈ ఉద్యోగంలో ఒక అపురూపమైన సౌకర్యం ఉంది: రాసిన గేయాన్ని వారంలోపే నలభై గొంతుల్లో వినవచ్చు. ఇంగ్లాండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ ఈ సౌకర్యాన్ని నిండుగా వాడుకున్నాడు. ఆయన 1905లో లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతం ఉపాధ్యాయుడిగా చేరి, 1934లో చనిపోయేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆ బడి పిల్లల వాద్యబృందం వాయించడానికే ఒక రచన చేశాడు. 1913లో బడిలో కట్టిన కొత్త సంగీత విభాగంలో ఆయనకు శబ్దం చొరబడని గది ఒకటి దొరికితే, తన పేరు ప్రపంచమంతా తెలియజేసిన గ్రహాల రచనను 1914 తరువాత సెలవుల్లోనూ వారాంతాల్లోనూ అక్కడే కూర్చుని పూర్తిచేశాడు. చేతి నరాల నొప్పి వల్ల స్వరలిపి రాయడం కష్టమైతే బడిలోని వారే రాసిపెట్టారు. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ గది. కట్టేవారికి సమయంతో పాటు తలుపు మూసుకోగల చోటు కూడా కావాలి. బడిలో చేరేటప్పుడు సాయంత్రం నాలుగు తరువాత ఒక ఖాళీ గది తాళం ఇవ్వగలరా అని అడగడం తప్పు కాదు. ప్రస్తుతం నేను పనిచేసే బడిలో అలాగే అడిగి, ప్రయోగశాల పక్కన పాత మ్యాపులు పెట్టే గది సంపాదించుకున్నాను.

ఇంట్లోనూ ఆన్‌లైన్‌లోనూ సంగీతం పాఠాలు చెప్పడం

నేను మూడేళ్ళు నడిచిన దారి కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు పాఠం చెప్పడం ఆదాయపరంగా నిలకడైన పనిగా కనిపిస్తుంది. గడియారం లెక్క వేసి చూడండి. వేసవిలో న్యూజెర్సీలో రాత్రి ఎనిమిదైతే మనకు తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. కాలిఫోర్నియా పిల్లలకు వేసవిలో సాయంత్రం ఏడైతే మనకు ఉదయం ఏడున్నర. అంటే వారి పాఠాల వేళలన్నీ సరిగ్గా మన సాధన వేళ మీదే వచ్చి పడతాయి. పేరుకు నాకు పగలంతా తీరికే. కానీ గొంతు తేటగా ఉండే ఆ రెండు గంటలూ అమ్ముడుపోయాక పదకొండు గంటలకు నేను సాధనకు కూర్చుంటే, అప్పటికే గొంతు మూడు పాఠాలు పాడి అలసి ఉండేది. బడి ఉద్యోగంలో ఉన్నప్పుడు గంటన్నర సాధన చేసినవాణ్ణి, ఉద్యోగం లేని రోజుల్లో ముప్పావు గంటకు పడిపోయాను.

చెవి సంగతి ఇంకా ముఖ్యం. ఒక ఏడాది ఒకేసారి ఏడుగురు పిల్లలు మోహన రాగంలోని గీతం దగ్గర ఉన్నారు. ఆ రోజుల్లోనే శుద్ధసావేరి రాగంలో ఒక పల్లవి కడుతున్నాను. స రి మ ప ద అని సరిగ్గానే మొదలుపెట్టేవాణ్ణి. తాళం రెండో చుట్టులో మధ్యమం జారిపోయి అంతర గాంధారం వచ్చి కూర్చునేది, పల్లవి కాస్తా మోహనమైపోయేది. దిద్ది పాడితే ఆ రోజుకు బాగుండేది, మరునాడు పాఠాలయ్యాక మళ్ళీ గాంధారమే. ఆ పల్లవి పూర్తికావడానికి ఆ పిల్లలంతా మోహనం దాటిపోయేదాకా ఆగవలసి వచ్చింది. లెక్కల మాస్టారికి ఈ బాధ ఉండదు.

ఇంత చెప్పినా, నేర్చుకునే దశలో ఉన్నవారికి ఈ పని చేసే మేలును నేను తక్కువ చేయలేను. పిల్లలతో కలిసి ప్రతిరోజూ సరళీస్వరాలు మూడు కాలాల్లో పాడడం వల్ల నా లయ కుదుటపడింది. ఒక పాప ‘మీరు ఇప్పుడు పాడినట్టు ఇందాక పాడలేదు’ అన్నప్పుడు, గురువు గారి పాఠంలో నేను సరిగ్గా పట్టుకోని సంగతి ఏదో బయటపడేది. అందుకే వర్ణాల దశలో ఉన్నవారు వారానికి రెండు సాయంత్రాలు నలుగురైదుగురు చిన్నపిల్లలకు ప్రాథమిక స్వరాలు చెప్పడం మంచిదే. అంతకు మించితే లాభం తగ్గి అలసట పెరుగుతుంది.

ఆదాయం గురించి ఒక్క మాట: విదేశాల పిల్లలు వేసవి సెలవుల్లో ప్రయాణాలు పెట్టుకుంటారు, ఇక్కడి పిల్లలు పదో తరగతిలోకి రాగానే మానేస్తారు. ఏడాదిలో రెండు నెలల రాబడి ఉండదనుకుని లెక్క వేసుకోవాలి. బడిలో పనిచేస్తూనే ఈ పాఠాలు చెబుదామనుకునేవారు 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్‌ను చదవాలి. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లూ, ప్రైవేటు బోధనా చేయరాదని అది చెబుతోంది. ప్రభుత్వోద్యోగులకు ప్రవర్తనా నియమావళి కూడా వర్తిస్తుంది. కాబట్టి రుసుము తీసుకుని సంగీతం చెప్పేముందు పై అధికారిని లిఖితపూర్వకంగా అడగడమే క్షేమం.

కొంతకాలం అన్నీ ఆపి కూర్చోవడం

దీని గురించి ఎక్కువ చెప్పను. గురువు గారు వృద్ధులై, వారి వద్ద ఉన్న పాఠాంతరాలు ఇప్పుడే నేర్చుకోకపోతే మరి దొరకవనుకున్నప్పుడు ఏడాది సెలవు పెట్టడం నూటికి నూరుపాళ్ళు న్యాయమే. బాణీలు కట్టడానికి మాత్రం ఖాళీ సంవత్సరం తీసుకోమని నేను సలహా ఇవ్వను. నెలల తరబడి ఖాళీ ఉన్నప్పుడు ఈ వారం కాకపోతే వచ్చే వారమనే ధోరణి పెరుగుతుంది. వేసవి సెలవులకు జూన్ రెండో వారంలో ఒక హద్దు ఉంది, ఆ హద్దు చరణాన్ని పూర్తి చేయిస్తుంది.

గురువు, కళాశాల, ఆన్‌లైన్ పాఠం

ఉద్యోగం ఏదైనా, నేర్చుకునే పద్ధతిని కూడా ఎంచుకోవలసి ఉంటుంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. లక్షణం (శాస్త్రం), లక్ష్యం (పాడడం) రెండూ క్రమంగా వస్తాయి, పరీక్ష ఉంటుంది కాబట్టి వాయిదాలు కుదరవు, సంగీతం పోస్టులకు అర్హత కూడా దొరుకుతుంది. తరగతుల వేళలు మీ బడి వేళలతో ఢీకొనకపోతే, క్రమశిక్షణ అవసరమైనవారికి ఇది మంచి ఎంపిక. బాణీలు కట్టాలన్నదే లక్ష్యమైతే వారానికొకసారి గురువు ఎదుట కూర్చోవడం మేలు. కృతిని విడదీసి, ఈ సంగతి తరువాతే ఆ సంగతి ఎందుకు వచ్చిందని అడిగే చనువు అక్కడే ఉంటుంది. ఆన్‌లైన్ పాఠంలో ధ్వని కాస్త ఆలస్యంగా చేరడం వల్ల గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు. గమకాన్ని విని తిరిగి పాడడం తప్ప పక్కనుండి గొంతు కలపడం కుదరదు. దూరంలో ఉన్న గురువును పూర్తిగా వదులుకోవడం కంటే ఇది నయమే గానీ, సెలవుల్లో పదిరోజులైనా ఆయన ఊరు వెళ్ళి ఎదుట కూర్చోవాలి.

ఈ మూడు పనులూ ఒకే చోట ఇమిడిన సందర్భం మన ప్రాంతంలో లేకపోలేదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథలు రాసి చెబుతూ, తొంభై రాగాలతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరిని కట్టిన రచయిత ఆయన. అదే ఏడు ఆచార్యుడిగా చేరిన ద్వారం వేంకటస్వామినాయుడు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాలకు అక్కడ గాత్రం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి కృతులూ రచించారు. వారి చెవిలో రోజంతా మోగినది మంచి సంగీతం, శిష్యులు సంగీతానికే అంకితమైనవారు. అలాంటి చోట బోధన రచనకు అడ్డు కాదు. మీకు వచ్చిన అవకాశం ఆ స్థాయిదైతే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి చేరిపోండి.

బడి రోజుల్లో బాణీని నిలుపుకోవడం

పని రోజుల్లో తట్టిన వరస సెలవుల దాకా నిలవాలంటే దాన్ని సరిగ్గా భద్రపరచాలి. ఒకసారి బస్సులో ఒక వరస తడితే ఫోనులో కూనిరాగం తీసి దాచుకున్నాను. మే నెలలో తీసి వింటే, వెనక శ్రుతి లేకపోవడం వల్ల ఏది షడ్జమమో తెలియలేదు. మోహనంలోని రిషభాన్ని షడ్జమంగా పట్టుకుంటే మధ్యమావతి అవుతుంది, గాంధారాన్ని పట్టుకుంటే హిందోళం, పంచమాన్ని పట్టుకుంటే శుద్ధసావేరి. ఆ రోజు నేను విన్నది వీటిలో ఏదో ఈనాటికీ తేలలేదు. అప్పటి నుంచి వరస రికార్డు చేసేముందు ఫోనులోని తంబూర యాప్ పది సెకన్లు మోగించి, షడ్జమం పలికి, తాళమేదో, ఎడుపు (పాట తాళంలో మొదలయ్యే చోటు) సమమో అరయిడుపో నోటితో చెప్పి, ఆ తరువాతే పాడుతున్నాను. దీనికి ఒక నిమిషం కూడా పట్టదు.

ఇక ఎంపిక గురించి. ఇంకా వర్ణాలూ తొలి కృతులూ నేర్చుకుంటున్నవారు ఉన్న ఉద్యోగంలోనే ఉండి, ఉదయాన్ని కాపాడుకుని, నిబంధనలు ఒప్పుకుంటే కొద్దిమంది పిల్లలకు స్వరాలు చెప్పడం మంచిది. సొంత రచన మొదలుపెట్టినవారికి సంగీతేతర విషయం బోధించే బడి, అందులోనూ మే నెలను ముట్టుకోని బడి, అన్నిటికన్నా అనుకూలమని నా గట్టి నమ్మకం. పిల్లల బృందగానాల కోసమే రాయదలచినవారు మాత్రం బడిలో సంగీతం పోస్టుకు ప్రయత్నించాలి. ఏదైనా సరే, నిర్ణయాన్ని ఏప్రిల్‌లో తీసుకోకండి. వార్షిక పరీక్షల అలసటలో, ఎదురుగా సెలవులు కనిపిస్తున్నప్పుడు రాజీనామా చాలా తేలికగా తోస్తుంది. నేను నా రాజీనామా రాసింది ఏప్రిల్ నెలలోనే. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి దసరా దాకా నాలుగు నెలలు ఒక చిన్న పుస్తకంలో రోజూ మూడే సంగతులు రాయండి: ఉదయం ఎంతసేపు పాడారు, సాయంత్రానికి గొంతు ఎలా ఉంది, చెవిలో ఎవరి పాట మోగుతోంది. దసరా సెలవుల మొదటి రోజున ఆ పుస్తకం ముందు పెట్టుకుని, జూన్ తరువాత స్వరలిపి చూడకుండా పాడగలిగిన కృతులు ఎన్ని, చరణం దాకా వచ్చిన సొంత పల్లవులు ఎన్ని అని లెక్కపెట్టి, ఆ తరువాత ఇంట్లోవారితో మాట్లాడండి.